గోడ మీద గళ్ల బిల్లు

ప్రియమైన మామయ్యకు,

పిచ్చుక నమస్కారాలు. నీ ఫోన్ ఎప్పటిలాగే టర్పెంటైన్ డబ్బాల వెనక ఎక్కడో మోగి మోగి ఊరుకుంటోంది కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

మీ ఊళ్లో కొత్తగా కట్టిన ఆసుపత్రికి బిల్లుల పని మా ఆఫీసే చూస్తుంది. దాని మేనేజరుతో ఫోన్లో మాట్లాడాను. నలభై గదుల తలుపులకు బోర్డులు కావాలట. ప్రింటింగువాళ్ల ప్లాస్టిక్ అట్టలు తగిలించేద్దాం అంటున్న మనిషిని బతిమాలి, "మా మామయ్య చేతిరాత ఒక్కసారి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాను. ముందు ఒక్క తలుపుకి బోర్డు రాసి, బిల్లు పంపమన్నాడు. నచ్చితే నలభై నీవే. కొట్టు మూసేసి నిచ్చెన అమ్మేస్తానని పోయిన ఉత్తరంలో రాశావే, ఆ మాట ఇక ఎత్తకు.

ఒకటే షరతు. బిల్లు కింద స్కాన్ కోడ్ ఉండాలి. వాళ్లు దానికి ఫోన్ చూపిస్తే డబ్బు నీ ఖాతాలో పడుతుంది. నేను రోజంతా ఆఫీసులో చేసేది ఈ పనే. ఎవరికి, దేనికి, ఎంత అన్నీ ఆ కోడ్‌లోనే ఉంటాయి. నీకోసం ఒకటి చేసి పంపుతున్నాను, బిల్లు కింద అంటించు. అంతే.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: మడత పెట్టకు. నా పెళ్లి శుభలేఖ మడిచి నిచ్చెన కాలి కింద పెట్టిన సంగతి నేనింకా మర్చిపోలేదు.

*

చిరంజీవి పిచ్చుకకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన గళ్ల బొమ్మ అందింది. రెండు రోజులు పని మానుకుని దాన్నే చూశాను. పని లేదు కాబట్టి మానుకోవడం తేలికే అయింది.

మధ్యాహ్నం నిచ్చెన పై మెట్టు మీద కూర్చుని చూస్తే అదొక ఊరులా కనిపించింది. నల్లవి ఇళ్లు, తెల్లవి సందులు. అలాగే కునుకు పట్టింది. కలలో ఆ సందుల్లోనే తిరిగాను. ఒక్క మనిషీ ఎదురుపడలేదు గానీ ఎక్కడో ఎవరో పాట నేర్చుకుంటున్నారు. తప్పు పాడినప్పుడల్లా నవ్వుకుని మళ్లీ మొదలుపెడుతున్నారు. మెలకువ వచ్చేసరికి చేతిలో బ్రష్ ఎండిపోయి ఉంది.

ఇక అసలు విషయం. నలభై ఒక్కేళ్లుగా నా బిల్లు మీద నా చేతిరాత తప్ప ఇంకొకరి అచ్చు పడలేదు. ఇప్పుడు అంటించడమేమిటి, నామోషీ! అందుకని నేనే బ్రష్‌తో వేసేశాను. వేస్తుంటే తెలిసింది, మీ ఆఫీసువాళ్లు తొందరలో ఒక పొరపాటు చేశారు. మూడు మూలల్లో పెద్ద కిటికీలు పెట్టి, నాలుగో మూల మర్చిపోయారు. అది నేను పెట్టాను. నిన్నేమీ అనడం లేదు, పని ఒత్తిడిలో ఎవరికైనా జరుగుతుంది. నలుపు మరీ ఏడుపుగొట్టుగా ఉంటే లేత నీలం కొట్టాను. పదునైన మూలల దగ్గర పెయింట్ త్వరగా లేస్తుందని అంచులు గుండ్రంగా తిప్పాను. తలుపు బోర్డూ, బిల్లూ ఆసుపత్రికి చేరాయి.

నీ క్షేమం కోరే,
మామయ్య

తా.క.: సంతకానికి చోటు లేక బొమ్మ మధ్యలో పెట్టాను. భలే కుదిరింది.

*

మామయ్యకు,

నమస్కారాలు. ఒక చేత్తో తల పట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అదే కారణం.

మేనేజరు ఫోన్ చేశాడు. తలుపు బోర్డు చాలా బాగుందట. బిల్లును మాత్రం పావుగంట సేపు ఫోన్ ముందు అటూ ఇటూ తిప్పాడట, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో కూడా చూపించాడట. ఫోన్ కిక్కురుమనలేదు. నాలుగో మూల ఎవరూ మర్చిపోలేదు మామయ్యా! కావాలనే వదిలేశారు. ఏది పైనో, ఏది కిందో ఫోన్‌కి దాన్నిబట్టే తెలుస్తుంది. నీలం వద్దు. గుండ్రం వద్దు. సంతకం అసలే వద్దు.

ఈ నెల ఆఖరి సోమవారం లోగా సరైన బిల్లు రాకపోతే పని ప్రింటింగువాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. అదే కోడ్ మళ్లీ పంపుతున్నాను. ఒక్క గడి కూడా మార్చకు. జిగురు గొట్టం కూడా కవర్లో పెట్టాను.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: నామోషీగా ఉంటే కళ్లు మూసుకుని అంటించు.

*

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. ఖాళీగా వదిలిన మూలే పైదేదో కిందదేదో చెబుతుందా! ఆ ఒక్క మాట మీద రెండు పూటలు గడిపేశాను. టీ కూడా చల్లారిపోయింది.

ఒక్క గడి కూడా మార్చకూడదన్నావు. సరే. ఉన్నదున్నట్టు దింపాలంటే ముందు పెద్దగా వేసి చెయ్యి తిప్పుకోవాలి, మా పనిలో పద్ధతి అది. కొట్టు పక్క గోడకి సున్నం కొట్టి, దారం పట్టి గీతలు లాగాను. అడ్డం ముప్పై మూడు గళ్లు, నిలువు ముప్పై మూడు. ఆరడుగుల ఎత్తు. నల్ల పెయింట్, పదును మూలలు. సంతకం పెట్టలేదు. చెయ్యి లాగింది గానీ ఆపుకున్నాను.

సాయంత్రం ఎండ దాని మీద పడ్డప్పుడు వీధంతా నెమ్మదిస్తోంది. పోయేవాళ్లు ఆగుతున్నారు. ఫోన్లు పైకెత్తి, ఏదో చదువుకుని, నవ్వుకుంటున్నారు. ఫోన్లు సన్నగా పిట్టల్లా పలుకుతున్నాయి. నిన్న చెప్పులు కుట్టే ఆయన, ఇస్త్రీ ఆవిడ పని ఆపుకుని వచ్చి చాలాసేపు నిలబడ్డారు. నేను స్టూళ్లు వేశాను. ఇన్నేళ్లూ జనం నా బోర్డులు చదువుకుని వెళ్లిపోయారే గానీ, ఆగి చూసిన వాళ్లు లేరు. పిచ్చుకా, నాకు చాలా సంతోషంగా ఉంది.

చెయ్యి బాగా తిరిగింది. రేపు కాగితం మీద వేసి పంపేస్తాను.

నీ
మామయ్య

తా.క.: నువ్వు పంపిన జిగురు బాగా పనికొచ్చింది. ఒక స్టూలు కాలు ఊడితే అంటించాను.

*

మామయ్యా,

నమస్కారాలు తర్వాత. ముందు ఆ గోడ చెరిపెయ్!

వాళ్లు ఊరికే చూడటం లేదు, డబ్బు కడుతున్నారు! అది ఆసుపత్రి బిల్లు. ఫోన్ చూపిస్తే "తలుపు బోర్డు, ఒకటి" అని వస్తుంది, నొక్కితే నీ ఖాతాలో పడుతుంది. ఆ ఒక్క బిల్లునీ ఇప్పటికి పందొమ్మిది మంది కట్టేశారని నా దగ్గర చూపిస్తోంది. ఈ సంగతి ఆసుపత్రి గుమాస్తా చెవిన పడింది. "మా బిల్లు వీధిలో పెట్టి ఊరందరి చేతా కట్టించుకునే మనిషికి నలభై తలుపులు ఎలా అప్పగిస్తాం?" అని మేనేజరు నన్ను నిలదీశాడు. ఆదివారం తనే స్వయంగా వచ్చి చూస్తాడట. ఆయన వచ్చేసరికి అక్కడ తెల్లగోడ తప్ప ఇంకేమీ కనపడకూడదు. కట్టినవాళ్లందరికీ తిరిగి ఇచ్చెయ్. ఈ పని పోతే నీ కొట్టు నిలవదు. అది తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

పిచ్చుక

తా.క.: నువ్వు చెరపకపోతే నేనే వచ్చి చెరుపుతాను. ఒట్టు.

*

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. ఆ పిట్టల పలుకులు డబ్బువా! నేను బొమ్మ నచ్చి మోగుతున్నాయనుకున్నాను.

నువ్వు చెప్పినట్టే తిరిగి ఇస్తానన్నాను. ఒక్కరూ పుచ్చుకోలేదు. "తలుపు బోర్డు ఒకటి అని కనపడింది. మాకూ తలుపుంది కదా అని కట్టాం. బోర్డు ఎప్పుడిస్తారు?" అని ఎదురు అడిగారు. ఏం చేయను? గోడకి మేకు కొట్టి నోటుబుక్కు వేలాడదీశాను. ఎవరికేం కావాలో అందులో రాసి వెళ్లమన్నాను.

ఇస్త్రీ ఆవిడ తన పేరొక్కటే కావాలంది, మొగుడి పేరు పక్కన కూడా వద్దంది. చెప్పులు కుట్టే ఆయన "నిద్రపోతున్నాను, కలలో కలవండి" అని రాయించుకున్నాడు. పోస్టుమాన్ తన ఇంటికి "ఇక్కడ ఉత్తరాలు తీసుకోబడును" అని అడిగాడు. ఇన్నేళ్లలో తన పేరు మీద ఒక్కటీ రాలేదట. ఒకరితో ఒకరికి మాటల్లేని అక్కచెల్లెళ్లు ఇద్దరు ఒకే తలుపుకి రెండు బోర్డులు కావాలన్నారు.

ఇంత పని చేతిలో ఉండగా గోడ ఎలా చెరపను? ఆసుపత్రి పోతే పోనీ. ఈ పందొమ్మిదీ రాసి ఇచ్చేసి కొట్టుకి తాళం వేస్తాను. ఆఖరి పని ఇంత బాగా కుదిరింది కాబట్టి నాకు దిగులు లేదు. ఉంది, కొంచెం.

నీ
మామయ్య

తా.క.: ఆదివారం నేను వెనక సందులో బోర్డులు ఆరబెడుతుంటాను. మేనేజరుతో నేను మాట్లాడలేను, నా మొహం చూస్తే తప్పు చేసినవాడిలాగే ఉంటుంది.

*

ప్రియమైన మామయ్యకు,

పిచ్చుక నమస్కారాలు.

ఆదివారం నేను వచ్చాను. నీకు చెప్పలేదు. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో పెద్ద కుంచె. మేనేజరు రాకముందే మొత్తం చెరిపేసి వెళ్లిపోదామనే వచ్చాను.

గోడ ముందుకొచ్చి నిలబడ్డాను. తొమ్మిదేళ్లుగా రోజుకి వందేసి కోడ్లు చేస్తున్నాను మామయ్యా, ఒక్కదాన్నీ ఆగి చూడలేదు. బకెట్టు కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. నువ్వన్నట్టు అది ఊరే. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు గానీ చెయ్యి తనంతట తనే ఫోన్ తీసింది. ఇరవయ్యో మనిషిని నేనే. నేను కట్టగానే సందులో నీ ఫోన్ మోగింది. "ఇంకొకరొచ్చారు!" అని నీలో నువ్వే అనుకోవడం వినిపించింది. నేను చేసిన కోడ్‌తో డబ్బు అందుకున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో మొదటిసారి విన్నాను. కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

అంతలో పక్క స్టూలు మీంచి ఎవరో, "మీరు చాలాకాలంగా ఈయన దగ్గర పనిచేస్తున్నారా?" అన్నారు. ఫోన్లో విన్న గొంతే, మేనేజరు! ఆయన నన్నెప్పుడూ చూసింది లేదు కదా, సున్నం బకెట్టు చూసి నీ అసిస్టెంటుననుకున్నాడు. అరగంట నుంచీ అక్కడే ఉన్నాడట. గొడవ పెట్టుకుందామని వచ్చి నోటుబుక్కు చదివాడట, చదివాక తన ఇంటికేం రాయించాలో తేల్చుకోలేక కూర్చుండిపోయాడట. చివరికి పెన్సిలు తీసుకుని పోస్టుమాన్ పేరు కింద "ఆసుపత్రి, నలభై తలుపులు" అని రాసి, పని ఎప్పుడు మొదలుపెడతారని నన్నడిగాడు.

"మా పెయింటరు గారు వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదింటికి వస్తారండీ" అన్నాను. మా పెయింటరు గారు! ఆ మాట అంటుంటే నా తల ఎంత పైకి లేచిందో నువ్వు చూసి ఉండాల్సింది.

నిన్ను పలకరించకుండానే బస్సెక్కాను. పలకరిస్తే బకెట్టు ఎందుకు తెచ్చావని అడుగుతావు.

నీ
పిచ్చుక

తా.క.: తెచ్చిన సున్నం వృథా అవుతుందని అవతలి గోడకి కొట్టి వచ్చాను. నలభై తలుపుల బిల్లుకి వేరే కోడ్ చేసి పంపుతున్నాను, ఆ గోడ మీద వేసి చెయ్యి తిప్పుకో. ఈసారి కట్టాల్సిన డబ్బు పెద్ద మొత్తం. జనం రాకముందే ఒక మూల కిటికీ మీద సంతకం పెట్టేసెయ్, స్కాన్ కాకుండా ఉంటుంది.