బాదం వెంట ఎవరు?

రాబిగ్, సౌదీ, శుక్రవారం

ఆపా,

నేనీ దేశానికి నా ఇష్టంతో వచ్చానా, ఈయన వెంట వచ్చానా? పద్దెనిమిదేళ్లుగా నాకు తేలని మాట ఇది. అందరం క్షేమమే. ఫోన్‌లోనైతే నువ్వు తిడతావని కార్డు రాస్తున్నా. వచ్చే వారం కారవాన్‌ను ఫెర్రీ ఎక్కించి ఈజిప్టు వెళ్తున్నాం, మా ముసలి కుక్క బాదంతో సహా.

నిన్న దాని కాగితాల కోసం పశువుల ఆసుపత్రికి వెళితే, కౌంటర్లో అబ్బాయి "మురాఫిక్ ఎవరు?" అన్నాడు. ఇక్కడి కాగితాల్లో నన్ను పిలిచే మాట అదే, భర్త వెంట వచ్చిన మనిషని. అలవాటుగా "ఇస్సాక్ గారి భార్యను" అన్నాను. అతను మన కడపవాడే, నవ్వేశాడు. "నువ్వెవురి వెంబడి వచ్చినావని కాదక్కా, ఈ కుక్క వెంబడి ఎవురు పోతారని!"

"ఇన్నాళ్లూ నా వెంబడి వచ్చినావు, ఇంక దాని వెంబడి పో" అన్నారు పక్కనే ఉన్న ఈయన. నా పేరే రాయించాను. ఎందుకో సంతోషమేసింది.

ఇంటికొచ్చాక ఫెర్రీ వాళ్లు ఫోన్ చేశారు. దారి పొడుగునా కుక్క ఓడ కింది అంతస్తులో, మా కారవాన్ బండిలో ఒంటరిగా ఉండాలట. ఉరిమితేనే మంచం కింద దూరే ప్రాణం అది. "కొన్ని గంటలే గదా" అంటారు ఈయన.

నీ మోకాలెలా ఉంది? మేడమీద ట్యాంకు కారడం ఆగిందా? నమాజు చేసే ఇంట్లో కుక్కేమిటన్నావు గానీ, దానికోసమూ ఒక దువా చెయ్యి. పిల్లలకు నా దీవెనలు.

ఈయన పెట్టె సర్దేశాను. నాది ఇంకా తెరవలేదు. వెళ్లాలో, బాదంతో ఇక్కడే ఉండిపోవాలో నాకు తెలియడం లేదు, ఆపా.

నీ మెహజబీన్