మైదానమని రాసిన చోటు

ప్రియమైన అన్నయ్యా,

నువ్వు సర్వే చేసి వెళ్లినప్పటి నుంచీ మా వీధిలో ఒకటే గుసగుస. ఈ చోటు ప్రమాదమని పటంలో రాస్తావట, అందర్నీ ఖాళీ చేయిస్తారట. అదే జరిగితే బడి మూతపడుతుంది. ఇన్నేళ్లకు దొరికిన పంతులమ్మ ఉద్యోగం పోతుంది. ఇక్కడ వరద ఎరగమని ముసలివాళ్లే అంటున్నారు. నేల చదునుగానే ఉందిగా, మైదానమని రాసెయ్యి. నా కోసం.

నీ చెల్లి

చిట్టితల్లీ,

పిల్లలకు భూగోళం చెప్పేదానివి, చదునుగా కనిపించిందల్లా మైదానమంటే ఎలాగే? మైదానంలో నది నింపాదిగా మెత్తటి ఒండ్రు పరుస్తుంది. మీ పెరట్లో గునపం దిగదు, అన్నీ బండలే. కొండవాగు లోయ దాటగానే ఒక్కసారి వెడల్పై, మోసుకొచ్చిన రాళ్లను విసనకర్ర ఆకారంలో పరిచేసిన నేల అది. మళ్లీ ఎప్పుడైనా పరుస్తుంది. బడి సరిగ్గా వాగు లోయ దాటే చోటే ఉంది.

అన్నీ తెలిసే నువ్వడిగినట్టు రాశాను. నువ్వు ఏడిస్తే చూడలేను. పెద్దవాన పడితే మాత్రం బడి తెరవకు.

ప్రేమతో, అన్నయ్య

అన్నయ్యా,

మంగళవారం పెద్దవాన. పరీక్ష ఉందని బడి తెరిచాను. పదిన్నరకి వాగు చప్పుడు ఆగిపోయింది. అంత వానలో వాగు ఆగడమేమిటని కిటికీ దగ్గరికి వెళ్లాను. "టీచర్, కొండ కదులుతోంది," అంది ముందు బెంచీ అమ్మాయి. "కూర్చుని రాయి," అన్నాను.

పైన అడ్డుపడి ఆగిన వాగు ఒక్కసారిగా తెగింది. వచ్చింది నీళ్లు కాదు, బురదా బండలూ. గోడతోపాటు నేను బయట పడ్డాను. లోపల తొమ్మిదిమంది పిల్లలు. ప్రాణంతో తీసింది ఇద్దర్ని. ఆ అమ్మాయి వాళ్లలో లేదు.

విచారణ వేశారు. నువ్వు భయపడకు. నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. నీకు తెలిసే రాశావని ఎవరికీ చెప్పను.

నీ చెల్లి

చెల్లీ,

నీ ఉత్తరం చూశాక గుండె కుదుటపడింది. నిన్న అధికారి నన్ను పిలిచాడు. "ఇన్ని రాళ్లు కనబడుతుంటే మైదానమని ఎలా రాశారు?"

"వరద రాదని అక్కడి పంతులమ్మ చెప్పిందండి. నమ్మి మోసపోయాను."

"ఆధారం ఉందా?"

నీ మొదటి ఉత్తరం ఇచ్చాను. ఇంకేం చెయ్యను, నాకూ పెళ్లాం పిల్లలున్నారు.

నన్ను మందలించి వదిలేశారు. పటం మళ్లీ గీయమని నాకే అప్పగించారు. వచ్చే గురువారం అక్కడికి వస్తున్నాను. ఆలోపే పోలీసులు నిన్ను తీసుకెళ్తారట. వెళ్లేముందు మీ ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్లు. బస చేయడానికి అక్కడ నాకు వేరే చోటు లేదు.

ఆశీస్సులతో, అన్నయ్య