అమ్మకి చెప్పకు అన్న మాట

సరోజినీ నగర్, న్యూఢిల్లీ
మార్చి 1983

ప్రియమైన అన్నయ్యకు,

దేవుని కృపలో ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరం నిండా కోపమే కనిపించింది.

నీ స్నేహితుడు సత్యానందం గారిని భోజనం మధ్యలో లేపి పంపించామని రాశావు. నిజమే. ఎందుకు పంపామో ఆయన నీకు చెప్పి ఉండరు, నేను చెబుతాను.

నాకు ఆసుపత్రిలో డ్యూటీలు. ఊరి నుంచి ఎవరొచ్చినా మా రెండు గదుల్లోనే మకాం. అందుకే ఏడేళ్ల ప్రఫుల్లకు జడ వేసినప్పుడల్లా చెబుతూ వచ్చాను: "ఎవరైనా 'అమ్మకి చెప్పకు' అన్నారంటే, అదే ముందు నాకు చెప్పాలి."

ఆ రోజు నేను పప్పు వడ్డిస్తుంటే, అది ఆయన ఎదుటే గట్టిగా అంది: "మమ్మీ, అంకుల్ గోద్ సే ఉతర్నే నహీ దేతే. బోలే, మమ్మీకో మత్ బతానా." ఒళ్లోంచి దిగనివ్వలేదట, నాకు చెప్పొద్దన్నారట.

"సరదాకి అన్నానమ్మా" అని ఆయన నవ్వారు. మీ బావ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, ఆయన్నీ ఆయన పెట్టెనీ స్కూటర్ ఎక్కించి అశోకా రోడ్ గెస్ట్ హౌస్‌లో దించి వచ్చారు. ప్రఫుల్ల పెరుగన్నం తిని ఆటకు పోయింది.

మన పరువు పోయిందన్నావు. పిల్ల నోరు మూయిస్తే నిలిచే పరువు నాకక్కర్లేదు.

వేసవికి నువ్వు తప్పకుండా రా. మేనకోడలు నీకు నమస్తే చెబుతుంది. ఎత్తుకుంటానని నువ్వు మీదికి వెళ్లకు. తనకు రావాలనిపిస్తే తనే వచ్చి నీ ఒళ్లో కూర్చుంటుంది. దిగుతానన్నప్పుడు దింపెయ్యి.

నీ చెల్లెలు