ముద్దుగా గీసిన చుట్ట

అమ్మమ్మా,

మన పల్లెల మీద తీసిన యానిమేషన్ లఘుచిత్రం ఒకటి ఇవాళ శ్రీకాకుళంలో వేశారు. మనవాళ్లని సరిగా చూపించారో లేదో చెప్పమని నన్ను పిలిచారు. అందులో నీలాంటి ముసలమ్మ చుట్ట కాలుస్తోంది. నిప్పు మాత్రం బయటికి పెట్టారు.

"మా ఆడవాళ్లది అడ్డపొగ. నిప్పు నోట్లో ఉంటుంది," అన్నాను.

"అలా గీస్తే చూసేవాళ్లు జడుసుకుంటారు మేడమ్. ఇదే ముద్దుగా ఉంది," అన్నాడు దర్శకుడు.

పక్కనున్న మన ఊరి మాస్టారు, "ఊరుకోమ్మా, మనోల్ని సూపించినారు, అదే సాలు," అన్నారు. హాలంతా చప్పట్లు.

నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, "నిప్పు లోపలుంటే గుంటకి సురక తగల్దు," అనేదానివి. నాకు తగలకుండా నోట్లో దాచుకున్న ఆ నిప్పే పుండై నీ అంగిలిని తినేసింది.

అది గీస్తే ముద్దుగా ఉండదట.