ఆర్గాన్ పెట్టె

కంచన్‌బాగ్,
దసరా వెళ్లిన సోమవారం.

భాగ్యశ్రీకి,

ఇక్కడ నేను క్షేమం. ఆ కొండల మీది ఆసుపత్రిలో నువ్వూ, నీ పేషెంట్లూ క్షేమమనుకుంటున్నాను. ఫోను కలవదని తెలిసీ రోజూ చేస్తున్నాను.

ల్యాబులో ఏం పని అని అడిగావు. వెల్డింగులో వాడే ఆర్గాన్ గ్యాసును పసిగట్టే పెట్టెను పరీక్షిస్తున్నాం. ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు, దేనితోనూ కలవదు. అందుకే మామూలు సెన్సర్లకు చిక్కదు. ఈ పెట్టెలో కంటికి ఆనని కార్బన్ గొట్టాలుంటాయి. కరెంటు పెడితే వాటి మొనల దగ్గర ఒక్కో గ్యాసు ఒక్కో వోల్టేజీకి లొంగుతుంది. ఆ అంకెను బట్టి ఏ గ్యాసో తెలుస్తుంది, ఆర్గాన్ అయితే పెట్టె మోగుతుంది. ఆర్గాన్ గాలి కన్నా బరువు. నేల మీద పేరుకుని ప్రాణవాయువును తోసేస్తుంది. అందుకే పెట్టెను నేల మీదే ఉంచాలి.

అన్నం నేనే వండుకుంటున్నాను. కూర హోటల్‌ది. ఒక్కరికని చెప్పినా హోటలతను మనిద్దరికి సరిపడా కట్టిస్తాడు.

ఇంకో ఏడాది అక్కడే ఉండమంటున్నారని, నెలాఖరులోగా సంతకం పెట్టాలని మళ్లీ రాశావు. దానికి జవాబిచ్చే ముందు ఒకటి చెప్పాలి.

ఆయుధపూజ నాడు మా ల్యాబు సారు సెలవు. మెషీన్లన్నిటికీ బొట్లు పెట్టాక, నాతో పనిచేసే కైలాసం అన్న సిలిండర్ల గదిలో ఆ పెట్టె దగ్గర ఆగాడు.

"ఏంది నగేషూ, పూజ చేసినదాన్ని గిట్ల కాళ్లకాడ పెడ్తరా?"

"కిందనే ఉండాలన్నడు సారు."

"సారుకేం ఎరుక! పండుగపూట ఒక్కరోజు మీదుంటే అలుగుతదా?"

నవ్వి స్టూలు పట్టుకున్నాను. బంతిపూల దండతో సహా పెట్టె గోడ మేకుకెక్కింది. దించడం ఇద్దరమూ మరిచాం.

దసరా సెలవయ్యాక అదే గదిలో నేల మీద కూర్చుని వాల్వు బిగిస్తున్నాను. పైపు లీకవుతోంది. పెట్టె మోగలేదు. దగ్గు రాలేదు. ఊపిరాడనట్టు కూడా అనిపించలేదు. తెలివి వచ్చేసరికి వరండాలో ఉన్నాను. కాలు పట్టి బయటికి లాగిన కైలాసం అన్న నా చెంపలు వాయిస్తూ ఏడుస్తున్నాడు.

ఆసుపత్రిలో నర్సు మా ఇంటివాళ్ల నంబరు అడిగింది. నీది చెప్పాను.

"కలుస్తలేదు. ఇంకొకరిది చెప్పున్రి."

ఎవరూ గుర్తుకు రాలేదు.

"నాది రాస్కో అమ్మా. తమ్ముడే అయితడు" అన్నాడు కైలాసం అన్న.

ఇప్పుడు ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. పరీక్షలన్నీ చేసి పంపించారు. పనికి వెళ్తున్నాను.

అక్కడ నీ అవసరమెంతో తెలుసు. నీ ఇష్టమని పోయిన ఉత్తరంలో రాసింది అందుకే. అది నా మనసులో మాట కాదు. సంతకం పెట్టకు. వచ్చెయ్.

ఇట్లు,
నీ బావ
నగేష్