రెండు కన్నాల గుండీ

చెల్లెమ్మకు,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ వదినా, కొట్టూ క్షేమం. అమ్మ గురించి మాత్రం ఆ మాట అంత తేలిగ్గా రాయలేను. నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బేరాల మధ్య ఫోన్లో టైపు కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకో.

అమ్మ తింటోందా అని అడిగావు. పొద్దున సగం గిన్నె జావ తాగింది. మీ వదినని సాధించడం కూడా మొదలుపెట్టింది, కాబట్టి నోరు బాగుపడినట్టే.

"పరీక్షలో అంత బాగా నడిచిన మనిషి ఒక్క డోసుకే ఎలా పడిపోయింది?" అనీ అడిగావు. దానికి జవాబు నా దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ దాచాను.

పెద్దవాళ్లకి క్యాన్సర్ మందు ఎంత ఇవ్వచ్చో తేల్చడానికి కుర్చీలోంచి లేపి, నడిపించి చూస్తారని ముందే తెలిసింది. వారం రోజులు మన గుండీల కొట్లోనే ప్రాక్టీసు చేయించాను. చేతులు ఆనించకుండా స్టూలు మీంచి లేవడం, దారాల అర దాకా వెళ్లి రావడం. నేను ఫోన్లో సెకన్లు చూడటం.

"గుర్రప్పందేనికా రా?" అంది అమ్మ.

డాక్టరమ్మతో "మెట్లు తనే ఎక్కుతుంది" అనేశాను. ఎక్కదు. నేనే రెక్క పట్టుకుని ఎక్కిస్తాను. కొట్టువాణ్ణి కదా, లేసు చుట్టలో మాసిన అంచు లోపలికి మడిచి చూపించడం చేతికి అలవాటు. బలమైన మందు పడితే అమ్మ మనకి మిగులుతుందనుకున్నాను.

పూర్తి మందు ఎక్కించారు. నాలుగో రోజు స్నానాలగదిలో పడింది. మందు వేడికి వేళ్లు మొద్దుబారాయి.

నిన్న ఆసుపత్రిలో అంతా చెప్పేశాను. డాక్టరమ్మ తిట్టలేదు. అమ్మ వైపు తిరిగి, "మీకేం కావాలమ్మా?" అంది.

"గుండీలు ఏరుకోవాలి. వేళ్లు పోయాక ఇంకో ఏడాది ఉండి ఏం చెయ్యను, వీడి మొహం చూస్తూ కూర్చోనా?"

మందు తగ్గిస్తే ఉన్న రోజులు తగ్గొచ్చట. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అయినా తగ్గించమంది అమ్మ. "పూర్తి మందే ఇప్పించు" అని నాకు రాశావే, అది అమ్మతో ఫోన్లో అనకు. నీ మాట తీసెయ్యలేక ఒప్పేసుకుంటుంది. వస్తే పోట్లాడ్డానికి కాదు, పక్కన కూర్చోడానికి రా.

ఇవాళ కొట్లో కళ్లు మూసుకుని, డబ్బాలోంచి ఒక గుండీ తీసింది. చాలాసేపు తడిమింది.

"నాలుగు కన్నాలది."

అవునందామని నోటిదాకా వచ్చింది.

"రెండేనమ్మా."

కళ్లు తెరిచి చూసుకుంది. దాన్ని డబ్బాలో వేసేసి, "ఉండు, ఇంకోటి తీస్తా" అంది.

ఇట్లు,
ఈసారి ఏదీ దాచని
నీ అన్నయ్య