తరవాణి కుండను ముట్టుకున్నాను

1989 ఏప్రిల్ 4

కుండ చెడింది. మూత తీస్తే మురుగు కంపు, పైన జిగట. నాయనమ్మ పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన తరవాణి. రోజూ ఇంత పుల్లటి తేట తోడుకోవడం, ఇంత గంజి, ఇంత బియ్యం కడుగు పోయడం... ఒక్కరోజు కూడా ఖాళీ కాలేదట. ఇవాళ పెరట్లో పారబోశారు.

అందరూ నా వైపే చూశారు.

ఏప్రిల్ 5

అనేశారు. పోయిన వారం ముట్టులో ఉండి వంటింట్లోకి వెళ్ళానట. వెళ్ళాను, మంచినీళ్ళకి. కుండ దరిదాపులకు పోలేదంటే అమ్మ వినదు. నాయనమ్మ మంచం మీంచే —

"ఎమ్మే సదివితే మైల పోద్దేటే గుంటా?"

నాన్న వర్క్‌షాప్ నుంచి వచ్చి, సైకిల్‌కి స్టాండ్ వేస్తూనే తీర్పు: ఇంట్లో కుండల మీద రాసే చదువు చాలు, వేరే విషయం ఇప్పించుకో.

డిసర్టేషన్ సగమైంది. రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్ళ తిండి, ఆచారాలు, నీళ్ళు. నోట్‌బుక్ మొదటి పేజీయే ఆ కుండ. మార్చను.

ఏప్రిల్ 7

మేదినీపూర్ లోకల్ బండిలో యూనివర్సిటీకి. వంతెన కింద కసాయి నది అంతా ఇసుకే. గైడ్ మేడమ్‌కి చెప్పాను. బెంగాలీ ఆవిడ, వాళ్ళింట్లోనూ పాంతా భాత్, అంటే నీళ్ళలో పులిసిన చద్దన్నం, తింటారు, నవ్వలేదు. ఒక్కటే అడిగింది: నీళ్ళు మారాయా?

మారాయి. కామెర్లు తగ్గాలని నెల నుంచి కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ కలుపుతున్నారు. టీకి కూడా ఆసుపత్రి వాసన అని నేనే రాసుకున్నాను. పులియబెట్టేది ప్రాణమున్నదని, బ్లీచింగ్ దాన్ని చంపుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో కుండ దగ్గర మాత్రం తట్టలేదు. సిగ్గేసింది.

ఏప్రిల్ 9

అత్తయ్య కుండ నిక్షేపంగా ఉంది. పెళ్ళయ్యాక మా కుండలోంచి చెంబెడు పట్టుకెళ్ళి మొదలుపెట్టిందే. వాళ్ళు వాడేది బావి నీళ్ళు.

ఇది చెబితే చాలు, నాన్న దిగొస్తాడు. కానీ నీళ్ళ మాట ఒక్కటే తేలితే నా మీది నింద సగమే పోతుంది, ముట్టు మాట మిగిలే ఉంటుంది. వచ్చే నెలసరి దాకా ఆగుతాను.

ఏప్రిల్ 26

రెండో రోజు.

నాయనమ్మ వారం పాటు అత్తయ్య ఇంట్లో. నాన్న డ్యూటీలో. అత్తయ్య కుండలోంచి తెచ్చిన తేట రెండు కొత్త కుండల్లో సమానంగా పోశాం. ఒకటి అమ్మ పెట్టింది, తలస్నానం చేసి, మడి కట్టుకుని, కుళాయి నీళ్ళ కడుగుతో. రెండోది నేను, అత్తయ్య వాళ్ళ బావి నీళ్ళ కడుగుతో. చెయ్యి మణికట్టు దాకా ముంచి కలిపాను. అమ్మ మొహం తిప్పుకుంది.

ఎందుకు ఒప్పుకుందో... తనకీ తెలుసుకోవాలని ఉందేమో. ఇన్నేళ్ళు నెలకి మూడు రోజులు వరండాలో కూర్చుంది కదా.

ఏప్రిల్ 30

అమ్మ కుండ కంపు. నాది కమ్మటి పులుపు.

అమ్మ వేలు ముంచి నాలుక మీద వేసుకుంది. తన కుండ తనే పెరట్లోకి మోసుకెళ్ళింది. గెలిచినట్టు ఉండాలి నాకు. లేదు.

మే 2

మేడమ్ సలహా: నీళ్ళ సంగతి రాయి, నువ్వు ముట్టుకున్న సంగతి తీసెయ్. పేపర్లు దిద్దేవాళ్ళకి నచ్చదట. తీయనన్నాను. గొంతు పెరిగింది కూడా. తిరుగు బండిలో ఆ పేజీ మళ్ళీ చదువుకున్నాను.

తీయను.

మే 3

రేపు పొద్దున్నే నాయనమ్మ వస్తుంది. అమ్మ బియ్యం ఏరుతూ, నన్ను చూడకుండా —

"మా అత్తకి తేట పొయ్యి. ఎవులు ముట్టినారో సెప్పకు. తాగనీ."

అలాగే అనబోయాను. చెప్పకుండా తాగిస్తే ముసలామెను మోసం చేసినట్టే. అప్పుడు నా రుజువు ఎవరికి?

మే 4

పొద్దున్నే గ్లాసు తేట, ఉప్పుకల్లు, ఉల్లిపాయ ముక్క. నాయనమ్మ వాసన చూసి కళ్ళు మూసుకుంది. ముడతలన్నీ సర్దుకున్నాయి. గ్లాసు పెదాల దాకా వెళ్ళింది.

"నాయనమ్మా, ఈ కుండ నాను కలిపినాను. బయటున్నప్పుడు, రెండో రోజున. సెయ్యి పెట్టి."

గుమ్మంలో అమ్మ నిలబడిపోయింది.

తిట్టలేదు. గ్లాసు కింద పెట్టలేదు. తాగలేదు. నా కుడిచేతినే చూస్తోంది.

ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను, ఆమె ఎదురుగా కూర్చుని. గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.